ముందు ముల్లు, తర్వాతే మౌసు

ఎవరింటికి వెళ్లినా ఈమధ్య ఇదే మాట. "మా నాన్నగారి ప్లేట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేశామండీ. ఇంకా ఆ బరువెందుకని ఇచ్చేశాం." ఎవరికిచ్చారయ్యా అంటే పాత పేపర్లవాడికి. సరే, ఎక్కించిందేదో వినిపించమంటే సెల్లు తీసి బల్ల మీద పెట్టి వేలితో ఒకసారి తడతారు. అందులోంచి ఒక గొంతు వస్తుంది, నీళ్ల ట్యాంకులో దిగి పాడుతున్నట్టు. అది డి.వి.సుబ్బారావు గారి హరిశ్చంద్ర పద్యమని వాళ్లు చెబితేగాని నేను పోల్చుకోలేదు. ఆయన కాటిసీను కోసం బండి కట్టించుకుని వెళ్లి తెల్లారేదాకా కూర్చున్నవాణ్ణి. నా చెవులకేమీ రాలేదు లెండి, మొన్ననే డాక్టరు చూసి చెప్పాడు.

నేను తెనాలి దగ్గర మైకుసెట్టు కొట్టు పెట్టుకుని బతికినవాణ్ణి. పెళ్లికీ, శ్రీరామనవమి పందిరికీ, ఎన్నికల మీటింగుకీ వేపచెట్టు కొమ్మకి హారన్ కట్టి ప్లేటు వేసిన చెయ్యి ఇది. కాబట్టి ఈ విషయంలో సణిగే హక్కు నాకు పుష్కలంగా ఉంది.

మా రోజుల్లో ప్లేటంటే లక్క ప్లేటు. నిమిషానికి 78 చుట్లు తిరిగేది. పది అంగుళాల ప్లేటుకి ఒక వైపు మూడు నిమిషాలు, అంతే. నాటకంలో ఒక్క పద్యానికి రాగం తీసి, వన్స్‌మోర్లు పుచ్చుకుని పావుగంట నడిపే మహానటుణ్ణి స్టూడియోలో కూర్చోబెట్టి మూడు నిమిషాల్లో తేల్చమంటే ఎంత అవస్థ పడ్డాడో ఊహించుకోండి. అందుకే ఆ ప్లేట్లలో పద్యం బిగువుగా ఉంటుంది, ఒక్క సంగతి కూడా దండగ పోదు. నాటకం మొత్తం కావాలంటే ప్లేట్ల కట్ట కొనాలి. ప్రతి వైపుకీ లేచి, కీ తిప్పి, ముల్లు మార్చి, ప్లేటు తిరగెయ్యాలి. ఆ పని చేసేవాడి చేతులు శుభ్రంగా ఉన్నాయో లేదో ఇంటి పెద్ద చూసేవాడు. అరుగు మీద పాతికమంది కూర్చుని ఉంటే ఒక్కడు దగ్గేవాడు కాదు. ఇప్పుడో? పాట మొదలై పల్లవి పూర్తికాకముందే వేలితో తోసేసి ఇంకో పాట. అంత తీరిక లేనివాళ్లకి 'హై క్వాలిటీ' ఎందుకో నాకు అర్థం కాదు.

అలాగని మా రోజుల్లో అందరూ మహా జాగ్రత్తపరులని చెప్పను. గ్రామఫోను ముల్లు ఉక్కుది. చిన్న రేకు డబ్బాలో 200 వచ్చేవి. ఒక వైపు పాడగానే ముల్లు పారేయమని కంపెనీవాడు మొత్తుకునేవాడు. లక్కలో రాతిపొడి కలిపి ప్లేటు చేస్తారు కాబట్టి అది ముల్లు మొనని అరగదీస్తుంది. అరిగిన మొనతో మళ్లీ వాయిస్తే ఆ మొన అంచు గాడిని చెక్కేస్తుంది. పైన సౌండు బాక్సు బరువు చూస్తే వంద గ్రాములు దాటేది. ఇంత తెలిసీ, డబ్బా ఖరీదు మిగుల్చుకుందామని ఒకే ముల్లుని గచ్చు మీద రుద్ది వారమంతా వాడిన మహానుభావులున్నారు. వాళ్ల ప్లేట్లే ఇవాళ మనవళ్ల చేతికి వచ్చాయి. కాబట్టి ఇప్పుడు వాటిని కంప్యూటర్లోకి ఎక్కించేవాడు ఆ గాడిలో ఏ భాగం అరిగిందో, ఏ భాగం బతికి ఉందో కనిపెట్టి మరీ ముల్లు దించాలి. మౌసు పట్టుకోవడం ఆ తర్వాత.

మా మేనల్లుడికి ఈ సంగతి తెలియదు. వాళ్ల నాన్న దాచుకున్న ప్లేట్లని, అందులో కపిలవాయి రామనాథశాస్త్రి గారివీ, స్థానం నరసింహారావు గారివీ ఉన్నాయి, పట్నంలో ఒక కొట్లో ఇచ్చి డబ్బు కట్టి పెన్‌డ్రైవు తెచ్చుకున్నాడు. ఆ కొట్టువాళ్ల పేరు నేను చెప్పను, చెబితే నాకే గొడవ. ప్లేట్లు తిరిగి వచ్చినప్పుడు ఒకటి చేత్తో పట్టుకుంటే నల్లటి జిగురు వేలికి అంటుకుంది. వాసన చూశాను. స్పిరిట్! మురికి పోవాలని స్పిరిట్‌తో తుడిచారట. ఏ వడ్రంగినడిగినా చెబుతాడు, మంచాలకీ బీరువాలకీ వేసే పాలిష్ లక్కని స్పిరిట్‌లో నానబెట్టి కరిగించిందే అని. ప్లేటేమో లక్క, తుడిచిందేమో స్పిరిట్. ఇంకేం మిగులుతుంది? ఎల్పీలకి, అంటే వినైల్ ప్లేట్లకి, స్పిరిట్ కలిపిన నీళ్లు కొద్దిగా తగిలినా ఫరవాలేదు. లక్క ప్లేటుకి మాత్రం డిస్టిల్డ్ వాటరు, అందులో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క, మెత్తటి బ్రష్షు. లేబులు తడవకుండా గాడి పోయిన దారినే గుండ్రంగా తిప్పుతూ కడగాలి, మళ్లీ ఉత్త డిస్టిల్డ్ వాటరుతో కడిగి, నిలబెట్టి నీడలో ఆరబెట్టాలి. ఇదేం బ్రహ్మవిద్యా? మా కొట్లో పనిచేసిన కుర్రాడికి ఒక పూటలో వచ్చేసింది.

ఇక వాళ్లు వాయించిన ముల్లు సంగతి. ఎల్పీ గాడి సన్నం, దాని ముల్లు మొన ఇంచుమించు 18 మైక్రాన్లు. 78 ప్లేటు గాడి వెడల్పు, దానికి కావలసిన మొన 75 మైక్రాన్లు. నాలుగింతలు! ఎల్పీ ముల్లుని 78 గాడిలో దించితే అది గోడలకి ఆనకుండా అడుక్కి పోయి, అక్కడి దుమ్ములో దొర్లుతుంది. పాట గోడల మీద ఉంటుంది, అడుగున బరబర తప్ప మరేమీ ఉండదు. పాత రోజుల్లో ఫియస్టా లాంటి పెట్టెల్లో చిన్న మీట ఉండేది, అటు తిప్పితే ఎల్పీ ముల్లు, ఇటు తిప్పితే 78 ముల్లు. బడికెళ్లే పిల్లవాడికి కూడా ఆ మీట ఎందుకో తెలుసు. ఇప్పుడు ఆన్‌లైన్లో సూట్‌కేసు ఆకారంలో వస్తున్న యూఎస్‌బీ పెట్టెలకి మూడు వేగాలుంటాయి, ముల్లు మాత్రం ఒకటే. 78 అని అంకె వేశాడు కదా అని జనం లక్క ప్లేటు పెట్టేస్తున్నారు. పైగా ఆ చవకరకం పెట్టెలు ముల్లుని నాలుగైదు గ్రాముల బరువుతో గాడి మీద అదుముతాయి. మంచి కార్ట్‌రిజ్ ఎల్పీ మీద మోపే బరువు ఒకటిన్నర, రెండు గ్రాములు. తమ నాన్నగారి ఎల్పీని భద్రం చేస్తున్నామనుకుని ఆ పెట్టెలో పదేపదే వాయించేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

నా సణుగుడు భరించలేక మా మనవడు రంగంలోకి దిగాడు. వాడు కంప్యూటరు చదువుకున్నవాడు, నేను మైకులు కట్టినవాణ్ణి. ఇద్దరం కలిసి ఒక మోస్తరు టర్న్‌టేబులు, దానికి 78 ముల్లు విడిగా, ఒక ఫోనో ప్రీయాంప్లిఫయరు, కంప్యూటరుకి తగిలించే ఒక సౌండు కార్డు సంపాదించి, స్పిరిట్ దెబ్బ తగలని ప్లేట్లని మళ్లీ మొదటినుంచి ఎక్కించాం.

వాడు మొదట చేసిన పని సెట్టింగుల్లో 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ అని పెట్టడం. "తాతయ్యా, సీడీ 16 బిట్, 44.1 అంతే. ఇది దానికన్నా చాలా ఎక్కువ" అన్నాడు. ఎక్కువే. స్టీరియోలో నిమిషానికి సుమారు 35 మెగాబైట్లు తింటుంది, నలభై నిమిషాల ఎల్పీ ఒకటి ఎక్కిస్తే దాదాపు 1.4 గిగాబైట్లు. మేలేమిటంటే రికార్డింగు లెవెలు భయం లేకుండా తక్కువగా పెట్టుకోవచ్చు, తర్వాత పెంచుకున్నా నాణ్యత చెడదు. ఈ ఒక్క విషయంలో నేటి యంత్రానికి దణ్ణం పెడతాను. మా హారన్‌కి గొంతు కాస్త ఎక్కువైతే గరగరమని ఊరుకునేది. కంప్యూటర్లో సున్నా గీత దాటిందంటే అలల తలలు తెగిపోతాయి, మళ్లీ అతకవు. పెద్ద కేక వచ్చే చోట కూడా ఆరు డెసిబెల్స్ ఖాళీ ఉంచితే చాలు. కానీ అంకెల గొప్ప అక్కడితో సరి. ముల్లు తప్పైతే, ఆ తప్పునే 24 బిట్లలో భద్రంగా దాచిపెడతారు.

నాకు బాగా తృప్తినిచ్చిన పని వేగం సరిచూడటం. పాత ప్లేట్ల మీద 78 అని ఉన్నా అన్నీ కచ్చితంగా ఆ వేగానికే కోసినవి కావు. వేగం నూటికి ఆరుపాళ్లు తేడా వస్తే అర శ్రుతి మారిపోతుంది, పురుషగొంతు ఆడగొంతవుతుంది, లేదా నిద్రమత్తులో పాడినట్టవుతుంది. టర్న్‌టేబులు వేగం చూడ్డానికి గీతల చక్రం ఒకటి ఉంటుంది. మన 50 హెర్ట్జ్ కరెంటుకి ఎల్పీ వేగం 33కి 180 గీతలు, 78కి 77 గీతలు. పాతరకం ట్యూబులైటు కింద తిప్పితే గీతలు కదలకుండా నిలబడినట్టు కనిపించాలి. మావాడు కొత్త ఎల్‌ఈడీ బల్బు కింద పెట్టి ఏమీ కనబడటంలేదన్నాడు. ఆ బల్బుల్లో చాలావాటికి ఆ రెపరెపే ఉండదు నాయనా అని చెప్పి, వంటింట్లో ట్యూబులైటు కిందికి యంత్రాన్ని మోయించాను. మా ఆవిడ, "ఏవండీ, ఇక్కడ పప్పు పొయ్యి మీదుంది" అంటూనే ఉంది.

చక్రం కుదిరింది. అయినా పద్యం కుదరలేదు. అప్పుడు హార్మోనియం దించాను. పద్యనాటకానికి హార్మోనియం లేనిదే ప్లేటు ఉండదు కదా, ఆ పెట్టె శ్రుతే మనకి సాక్షి. ప్లేటు వేసి, ఎత్తుగడలో నిలిచే షడ్జం దగ్గర నా పెట్టె మీద మెట్టు నొక్కాను. ప్లేటు శ్రుతి రెండు మెట్ల మధ్యన కూర్చుంది. అటు కాదు, ఇటు కాదు. మనవడు కంప్యూటర్లో వేగాన్ని కొంచెం కొంచెం తగ్గిస్తూ వచ్చాడు. ఒక చోట ప్లేటులో హార్మోనియం, నా చేతిలో హార్మోనియం కలిసిపోయి అలల కొట్టుకోవడం ఆగింది. ఆ వేగంలో గొంతు కూడా మనిషి గొంతులా నిలబడింది, రాగాలాపనలో గమకం తొందరపాటు లేకుండా తిరిగింది. "ఆపరా, అదే" అన్నాను. ఆనాటి పెట్టె నా పెట్టెతో సమానంగా శ్రుతి చేసిందేనా అంటే, అది నేను ప్రమాణం చేసి చెప్పను. కానీ చెవి, గొంతు, మెట్టు మూడూ ఒక చోటికి వస్తే దాన్నే నమ్మాలి. ఏ సాఫ్ట్‌వేరులోనూ ఇందుకు మీట లేదు.

ఇంకో చిక్కుంది, దీన్ని చదువుకున్నవాళ్లు కూడా దాటేస్తారు. ప్లేటు కోసేటప్పుడు మంద్రస్వరాలని తగ్గించి కోస్తారు, లేకపోతే గాడి అటూ ఇటూ మరీ ఊగి చోటంతా తినేస్తుంది. పై స్వరాలని పెంచి కోస్తారు, బుస్సుమనే చప్పుడు కిందికి పోవాలని. వాయించేటప్పుడు ప్రీయాంప్లిఫయరు దాన్ని తిరగేసి సరిచేస్తుంది. 1954లో ఆర్‌ఐఏఏ అని ఒక పద్ధతి ఖాయమయ్యాక ఎల్పీలన్నిటికీ అదే లెక్క. అంతకుముందు ఏ కంపెనీ లెక్క ఆ కంపెనీదే, పైగా 78 ప్లేట్లలో చాలావాటికి పై స్వరాలని అంతగా పెంచనేలేదు. వాటిని ఎల్పీ లెక్కలో వాయిస్తే, పెంచనిదాన్ని కూడా యంత్రం తగ్గించేస్తుంది. గొంతు మీద దుప్పటి కప్పేసి, "పాత రికార్డు కదండీ, ఇంతే" అని తేల్చేస్తారు. పాతదాని తప్పేమీ లేదు. కంప్యూటర్లో ఆ లెక్క సవరించుకునే వీలుంది. సవరించగానే స్థానం వారి సత్యభామ గొంతులో విసురు బయటికి వచ్చింది.

78 ప్లేటులో ఎడమ కుడి అని రెండు లేవు, పాట ఒకటే. స్టీరియో కార్ట్‌రిజ్‌తో ఎక్కిస్తే గాడికి రెండు గోడలూ వేరువేరుగా వస్తాయి. రెండింటినీ విడివిడిగా వినండి. గచ్చు మీద సాన పట్టిన ముల్లు ఎక్కువగా ఒక గోడనే తిని ఉంటే, బాగున్న గోడని ఉంచుకుని రెండోదాన్ని వదిలేయొచ్చు. రెండూ సమానమైతే కలిపేస్తే సగం గరగర దానంతటదే పోతుంది. దీనికి ఏ ఖరీదైన సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు, ఆడాసిటీ అని ఉచితంగా దొరికేది చాలు. ఇక బుయ్‌మని వచ్చే కరెంటు హోరు: టర్న్‌టేబులు ఎర్తు వైరు తగిలించండి, ల్యాప్‌టాప్ చార్జరు పీకేసి బ్యాటరీ మీద నడపండి. మైకులు కట్టే ప్రతివాడికీ తెలిసిన విద్యే ఇది.

అసలు తగాదా నాకూ మనవడికీ మధ్య వచ్చింది ఇక్కడ. ఎం.ఎస్. గారి సుప్రభాతం, 1963 నాటి ఎల్పీ, వాడే కడిగి ఎక్కించాడు. తర్వాత నాయిస్ తీసేసే మీట నొక్కి, "తాతయ్యా, ఎంత శుభ్రంగా ఉందో విను" అన్నాడు. విన్నాను. శుభ్రంగానే ఉంది, శ్లోకానికీ శ్లోకానికీ మధ్య శ్మశాన నిశ్శబ్దం. "తంబురా ఏదిరా?" అన్నాను. ఆపకుండా సన్నగా మోగే చప్పుడు కదా, యంత్రం దాన్ని కూడా హోరనుకుని గుంజి పారేసింది. అక్కడితో ఆగిందా? 'స', 'శ', 'ష' మూడూ ఒకటైపోయాయి. వెంట పాడే రాధగారి గొంతు పెద్దగొంతులో అతుక్కుపోయింది. కచేరీ ప్లేటుకైతే ఇంకో దెబ్బ: టక్కు టక్కుమనే గీతల చప్పుడు తీసేసే మీట మృదంగం మీద చాపు దెబ్బని కూడా గీతే అనుకుని కోస్తుంది. దెబ్బ పోయాక తాళం ఎక్కడ నిలబడుతుంది?

వాడు ఒప్పుకోలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకునేవాళ్లకి గరగర భరించలేనిదన్నాడు. చివరికి మా మధ్య కుదిరిన ఒప్పందం ఇది: ముల్లు కింద నుంచి వచ్చింది వచ్చినట్టు ఒక కాపీ, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. రెండో కాపీ మీద పెద్ద పెద్ద గీతల చప్పుళ్లని ఒక్కొక్కటీ తెర మీద చూసి చేత్తో తీసుకోవాలి, ఒక్క మీటతో మొత్తం ఊడ్చెయ్యకూడదు. రెండూ ఫ్లాక్ అనే పద్ధతిలో దాచాలి. అందులో సైజు తగ్గుతుంది, పాటలో ఏదీ పోదు. ఎంపీ3 కావాలంటే బస్సులో వినడానికి చేసుకో, అదే అసలుదని మాత్రం అనకు.

ఇక యూట్యూబులో పెట్టే మహానుభావుల సంగతి చెప్పకపోతే అన్నం సహించదు. కాపీరైటు యంత్రానికి దొరక్కూడదని ఘంటసాల గారి పాట శ్రుతి పెంచి, వేగం పెంచి పెడతారు. పుష్పవిలాపం పద్యాలు ఎవరో కుర్రాడు పాడినట్టుంటాయి. కింద కామెంట్లలో 'గాన గంధర్వుడు' అని పూలు. ఎవరు గంధర్వుడు, ఆయనా, శ్రుతి మార్చినవాడా? మాయాబజారులో మాధవపెద్ది సత్యం గారు పాడినదాని కింద కూడా ఘంటసాల పేరే వేసేస్తారు. మా మేనల్లుడి పెన్‌డ్రైవులోనూ అంతే, ట్రాక్ 1, ట్రాక్ 2. మనిషి పేరు లేదు, నాటకం పేరు లేదు. 1902లో కలకత్తాలో గౌహర్‌జాన్ పాడినప్పుడు పాట చివర తన పేరు తానే గట్టిగా చెప్పుకుంది. అప్పట్లో ప్లేట్లు జర్మనీలో అచ్చయ్యేవి, అక్కడివాళ్లు ఎవరి పాటో పోల్చుకోవాలి కదా. నూట ఇరవై ఏళ్ల నాటి మనిషికున్న ఆ ముందుచూపు, కీబోర్డు ఎదురుగా కూర్చున్నవాడికి లేకపోయింది. లేబులు మీద ఉన్నదంతా, ప్లేటు మధ్యలో నల్లటి ఖాళీ జాగాలో గీకిన నంబరుతో సహా, ఫైలులో రాయండి. లేబులు ఫోటో తీసి పక్కన పెట్టండి.

అన్నీ తిట్టానని అనుకోకండి. ప్లేటు ఎన్నిసార్లు వాయిస్తే అన్నిసార్లు అరుగుతుంది, ఫైలు అరగదు. అమెరికాలో ఉన్న నా కూతురు రాత్రిపూట అదే పద్యం నాతోపాటు వింటోంది, ఈ సౌఖ్యం మా రోజుల్లో లేదు. ఫైలుకి వేరే జబ్బుంది. హార్డ్ డిస్కు పోతే ఒక్క పాట కాదు, మొత్తం పోతాయి. మూడు చోట్ల ఉంచండి, అందులో ఒకటి వేరే ఊళ్లో.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. మన దేశంలో సౌండు రికార్డింగు మీద హక్కు అది విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. పాట రాసినవారి హక్కు, వరస కట్టినవారి హక్కు వేరే లెక్క. మీ ఇంట్లో మీరు వినడానికి ఎక్కించుకుంటే అడిగేవాడు లేడు, అమ్మకానికి పెడితే మాత్రం ముందు కనుక్కోండి.

ఎవరింట్లో ఏమున్నా, సినిమా పాటల ఎల్పీలతో మొదలుపెట్టకండి. అవి నాలుగు చోట్ల దొరుకుతాయి, ఇవాళ కాకపోతే ఎల్లుండి ఎక్కించుకోవచ్చు. హచిన్స్, ఓడియన్ లాంటి లేబుళ్ల నాటకం ప్లేట్లూ, హరికథల ప్లేట్లూ ఉంటే ముందు వాటిని దించండి. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలబెట్టండి, స్పిరిట్ ముట్టించకండి, 75 మైక్రాన్ల ముల్లు కొనేదాకా వాయించకండి. ఆ కంపెనీల్లో చాలావాటికి ఇప్పుడు అడ్రసు లేదు, వాటి ప్లేటు మీ ఇంట్లో పగిలితే ఇంకో కాపీ దొరుకుతుందన్న నమ్మకం లేదు.